తెల్ల పెట్టె కింద

పోయిన వారం మనం బొమ్మలక్కని కంప్యూటరు ముందు, నోట్లో మాట నోట్లోనే ఉండగా వదిలేసి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

ఆ పరిశోధనాలయంలో ఎవరు పేపరు రాసినా అందులో బొమ్మలు కూర్చేది ఈవిడే. గ్రాఫులు తీయించడం, వాటి అంకెలూ అక్షరాలూ సరిచెయ్యడం, పేజీలో ఏ బొమ్మ ఎక్కడ పడాలో అక్కడ పడేట్టు చూడటం ఆవిడ ఉద్యోగం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ బొమ్మకి పేజీలో చోటు రవ్వంత చాలకపోతే చాలు, అలిగిన అల్లుడిలా లేచిపోయి రెండు పేజీల అవతల కూర్చుంటుంది. దాన్ని బతిమాలి వెనక్కి తెచ్చుకోవాలి. ఆ బతిమాలడం ఆవిడకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు కాబట్టి అందరికీ బొమ్మలక్క అయింది. లెక్కల్లో పట్టా పుచ్చుకున్న మనిషిని పట్టుకుని ఆ పేరేమిటని మొదట్లో చిన్నబుచ్చుకుంది గానీ, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే తననే అని తోచదు.

అక్కడే పనిచేసే చిన్న డాక్టరు ఆవిడకి స్వయానా మరిది. కీళ్ళవాపుకి వచ్చిన ఒక కొత్త మాత్ర మీద అతను చేసిన పరీక్షల పేపరు ఈ సాయంత్రంలోగా పత్రికకి వెళ్ళాలి. అది అచ్చయితే అతనికి సొంతంగా ఒక ల్యాబు ఇస్తారు. ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్ళలో అతని అన్నయ్య, అంటే బొమ్మలక్క భర్త కూడా ఉన్నాడు. ఆయన దర్జీ. వేళ్ళ కణుపులు వాచిపోయి, కత్తెర పట్టలేక, దుకాణం మూసుకుని ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషి తమ్ముడిచ్చిన మాత్రతో మళ్ళీ మిషను తొక్కుతున్నాడు. వదినా మరుదులకి ఇంతకన్నా సంతోషం ఏం కావాలి?

ఇక ఆవిడ నోరు పడిపోయిన సంగతి. ఆ పేపరులో మూడో బొమ్మ ఒక గ్రాఫు. మాత్ర వల్ల లివరు దెబ్బతింటోందా లేదా అన్నది అందులో చూపిస్తారు. ఒక్కొక్క గీత ఒక్కొక్క మనిషి. వారాలు గడిచే కొద్దీ ఆ మనిషి రక్తపరీక్షలో వచ్చిన అంకెని బట్టి గీత పైకో కిందకో పోతుంది. మధ్యలో అడ్డంగా ఒక చుక్కల గీత. దాన్ని దాటితే ప్రమాదం. చిన్న డాక్టరు పంపిన బొమ్మలో ఎవరూ దాన్ని దాటలేదు. రెండు గీతలు మాత్రం దాని దగ్గరదాకా వచ్చి, కుడి మూలనున్న తెల్ల పెట్టె అంచున ఆగిపోయాయి. ఏ రంగు దేనికో చెప్పడానికి ప్రతి గ్రాఫులోనూ ఉండే పెట్టే అది. ఆ ఇద్దరూ మధ్యలో పరీక్షలు మానుకున్నారని బొమ్మ కింద రాసి ఉంది కూడా.

బొమ్మలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పెద్దవి చెయ్యాలి, గీసిన ప్రోగ్రాము పంపించమని ఆవిడ అడిగింది. హడావుడిలో ఉన్న మరిది అంకెలతో సహా మొత్తం పంపించేశాడు. బొమ్మలక్కకి ఒక అలవాటు ఉంది. పెట్టెని ఫలానా మూలనే ఉంచమని ఎవరైనా ప్రోగ్రాములో రాస్తే ఆ వాక్యం తీసేస్తుంది. ఖాళీ ఎక్కడుందో చూసుకుని పెట్టె దానంతటదే కూర్చుంటుంది, మనం చెయ్యిపట్టి కూర్చోబెట్టక్కర్లేదని ఆవిడ వాదన. అలవాటు కొద్దీ ఈసారీ తీసేసింది. పెట్టె కుడి మూల నుంచి లేచి కింద ఖాళీలోకి పోయి కూర్చుంది. అది లేచిన చోట రెండు గీతలు చుక్కల గీతని దాటి నిటారుగా పైకి పోతూ కనిపించాయి.

మనం ఆగింది అక్కడ.

ఆవిడ పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టుకుని, తన చూపే పొరబడిందేమోనని ఒక్కొక్క గీతనీ మొదటి నుంచి వెతుక్కుంటూ వచ్చింది. పొరబడలేదు. అప్పుడు ఫోను తీసి, డాక్టరుగారూ ఒకసారి బొమ్మల గదికి రండి, అంది. ఆఫీసులో ఇద్దరూ ఒకరినొకరు 'మీరు' అనుకుంటారు, గారు తగిలించుకుంటారు. ఇంటికి వెళ్ళాక, తిన్న కంచం ఎవరు తీస్తారురా అని ఆవిడ, నువ్వే తియ్యి వదినా అని అతను. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే అలవాటైపోయింది.

బొమ్మల గది అంటే గది పేరు చెడగొట్టినట్టే. ఒక కిటికీ, ఒక పెద్ద ప్రింటరు, రెండు కుర్చీలు. రెండో కుర్చీకి చెయ్యి విరిగింది కాబట్టి అది ఎప్పుడూ వచ్చినవాళ్ళకే. చిన్న డాక్టరు తెల్లకోటుతోనే వచ్చాడు, మెడలో స్టెతస్కోపు తియ్యడం కూడా మరిచిపోయాడు. ఏమిటింకా, అక్షరాలు సరిపోలేదా అని నవ్వుతూ వచ్చినవాడు తెర వైపు చూసి విరిగిన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"ఈ ఇద్దరూ మధ్యలో మానేశారని రాశారు కదండీ డాక్టరుగారూ," అంది ఆవిడ. "మానేసినవాళ్ళ గీతలు ఇంత పైకెలా వచ్చాయి?"

అతను లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. ఆ వేసిన తీరు చూడగానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. అప్పటిదాకా లోపల ఎక్కడో, ఇది ఏదో పొరబాటై ఉంటుంది, పిల్లాడు చూసుకుని ఉండడు అన్న ఆశ మిగిలి ఉంది. పొరబాటు చేసినవాడు తెర దగ్గరకి వస్తాడు గానీ తలుపు దగ్గరకి పోడు.

"వదినా," అన్నాడతను. ఆఫీసులో అతని నోట ఆ పిలుపు ఎన్నడూ వినలేదు.

తరవాత గబగబా చెప్పుకుపోయాడు. ఆ ఇద్దరిలో ఒకరికి తాగుడు అలవాటుందట, రెండో ఆవిడ చెప్పకుండా వేరే మందులేవో మింగిందట. వాళ్ళ లివరు పాడవడానికి ఈ మాత్రే అక్కర్లేదట. ఇద్దరికీ వెంటనే మాత్ర ఆపేశాడట, ఇప్పుడు కులాసాగానే ఉన్నారట. ఆ రెండు గీతలు కనపడేట్టు బొమ్మ అచ్చయితే పత్రికవాళ్ళు మిగతా అందరినీ వదిలేసి వాటినే పట్టుకుంటారని, మాత్ర అటకెక్కుతుందని, చేతులు పనికిరాక కూర్చున్నవాళ్ళందరూ అలాగే కూర్చోవలసి వస్తుందని చెప్పాడు. చెప్పిన ప్రతి మాటా ముందే మనసులో వల్లించుకున్నట్టుంది. తనతో తాను ఎన్నోసార్లు వాదించుకుని గెలిచిన వాదన అది, పాపం.

ఆవిడ అంతా విని, ఆ మాటలే బొమ్మ కింద రాయొచ్చు కదా అంది. ఒకరికి తాగుడు, ఒకరికి వేరే మందులు అని రెండు వాక్యాలు. బొమ్మ కింద చోటుకి కరువా, నేను సర్దిపెడతాను కదా అంది. అతను తలవంచుకున్నాడు. ఆవిడకి అప్పుడు అర్థమైంది. తాగుడూ, వేరే మందులూ అతని అనుమానాలే తప్ప రుజువులు కావు.

"మరి పెట్టె ఎందుకు పెట్టావు? కావాలంటే ఆ అంకెలే చెరిపేసేవాడివి."

"చెరపడానికి చెయ్యి రాలేదు వదినా. కప్పాను, అంతే."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందిట. మన చిన్న డాక్టరు పిల్లి కన్నా ఒక మెట్టు ఎక్కువ, పాలగిన్నె మీద తెల్ల గుడ్డ కూడా కప్పాడు. ఇంకెవరైనా అయితే బొమ్మలక్క ఈ పాటికి నవ్వేసేది, లేకపోతే నేరుగా పెద్దాయన గదికి వెళ్ళి ఉండేది. కానీ ఆవిడ ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇతను నిక్కరు వేసుకుని బడికి పోతున్నాడు. సైన్సు పుస్తకంలో కప్ప గుండె గీయమంటే వంకాయ గీసుకొచ్చేవాడు. ఆ పుస్తకాల్లో బొమ్మలన్నీ ఆవిడే గీసిపెట్టింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ పట్టుకుంది. పట్టుకున్నందుకు ఏడుపొచ్చింది.

అంతలో తలుపు తట్టి, రమ్మనకుండానే పెద్దాయన లోపలికి వచ్చాడు. పరిశోధనాలయానికి ఆయనే అధిపతి. మంచివాడే, కానీ ప్రతి పేపరునీ పరుగుపందెం అనుకుంటాడు. ఇదే మాత్ర మీద ఇంకోచోట ఇంకెవరో కూడా పేపరు రాస్తున్నారని తెలిసిన దగ్గర నుంచీ ఆయనకి కుదురు లేదు. బొమ్మ ఎంతవరకు వచ్చిందమ్మా అంటూ తెర వైపు వంగబోయాడు.

ఇక్కడ బొమ్మలక్క చేసిన పని గురించి ఎవరేమనుకున్నా నేను కాదనను. ఆవిడ చెయ్యి దానంతటదే కదిలింది. కొత్త బొమ్మని కిందకి దించేసి పాత బొమ్మని తెర మీదకి తెచ్చింది. తెల్ల పెట్టె మళ్ళీ కుడి మూల బుద్ధిగా కూర్చుని ఉంది.

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. ఒక్కరూ గీత దాటలేదు చూశావా అని చిన్న డాక్టరు భుజం తట్టాడు. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేస్తే నాలాంటి ముసలివాళ్ళకి కూడా కనపడతాయని ఆవిడతో హాస్యమాడాడు. సాయంత్రం దాకా ఆగొద్దు, అవగానే పంపించెయ్యండి, నేను గదిలోనే ఉంటానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయనకి ఏమీ తెలియదో, తెలిసీ తెలియనట్టున్నాడో ఆ ముఖం చూస్తే చెప్పడం కష్టం.

తలుపు మూసుకున్నాక చిన్న డాక్టరు ఊపిరి వదిలి, రుణం తీర్చుకోలేను వదినా అన్నాడు. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అతను చేసిన దాని కన్నా, ఇప్పుడు తను చేసిన దాని మీద ఎక్కువ కోపం వచ్చింది. రుణాలూ గిణాలూ తరవాత, ముందు నోరు ముయ్యమంది. నీ కోసం దాచాననుకుంటున్నావేమో, నేను ఒకటి అడగాలి, ఆ జవాబు పెద్దాయన ముందు వినే ధైర్యం లేక దాచాను అంది.

అది నిజమే. రెండు గీతలు కనపడ్డ క్షణం నుంచీ ఆవిడ తల్లో ఒక్కటే ప్రశ్న తిరుగుతోంది. మాత్ర మొదలుపెట్టాక మొదట్లో ఆవిడ భర్త రెట్టింపు తినేవాడు. ఈ మధ్య కంచంలో సగం వదిలేస్తున్నాడు. పని నెత్తిన పడింది, ఆకలి చచ్చిపోతోందన్నాడు. కళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయేమిటంటే, సూదిలో దారం ఎక్కించి ఎక్కించి అలా అయ్యాయన్నాడు. ఆవిడ నమ్మింది. మూసుకున్న దుకాణం మళ్ళీ తెరిచిన మొగుడి మాట నమ్మకుండా ఎలా ఉంటుంది?

"ఈ ఇద్దరిలో మీ అన్నయ్య ఉన్నారా?"

పరీక్షల్లో ఎవరు ఎవరో బయటికి చెప్పకూడదు వదినా, నియమం ఉంది అన్నాడతను. ఆవిడ తెర మీద ఉన్న తెల్ల పెట్టె వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది. నియమం గురించి అతను మళ్ళీ ఎత్తలేదు.

"లేడు," అన్నాడు. "నా మీద ఒట్టు వదినా, ఆ రెండూ అన్నయ్యవి కావు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. అంతసేపూ కూర్చునే ఉన్నా పడిపోతానేమోనన్నట్టు బల్ల అంచు పట్టుకుని ఉంది. వెయ్యి దేవుళ్ళకి ఒకేసారి దణ్ణం పెట్టుకుంది, అందులో కొందరి పేర్లు కూడా సరిగ్గా గుర్తుకురాలేదు. పేపరు సంగతి, పెద్దాయన సంగతి, ఈ వెధవ చేసిన నిర్వాకం సంగతి, అన్నీ ఒక్క నిమిషం ఆగొచ్చు. ఆయన బాగున్నాడు. అది చాలు. చీరకొంగుతో ముఖం తుడుచుకుని, కొంచెం నవ్వింది కూడా.

కొత్త బొమ్మని మళ్ళీ తెర మీదకి తెచ్చింది. చుక్కల గీత కింద సన్నటి గీతలు గుంపుగా, నిదానంగా పోతున్నాయి. అందులో ఒకటి తన మనిషి. ఒక్కసారి చూసుకోవాలనిపించింది. అంతకన్నా ఏ ఉద్దేశమూ లేదు.

"ఇందులో ఆయన గీత ఏదో చూపించు."

అతను చెయ్యి చాచి గుంపు మధ్యలో ఒక గీత మీద వేలు పెట్టాడు. ఆవిడ దగ్గరగా జరిగి చూసింది. పక్కపక్కన అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఆ చోటుని పెద్దది చేసి, ఇప్పుడు సరిగ్గా చూపించు, ఇందాక కనపడలేదు అంది. అతను మళ్ళీ వేలు పెట్టాడు. వేలు ఈసారి ఇంకో గీత మీద పడింది.

బొమ్మలక్క అతని వేలిని చూసింది, తరవాత అతని ముఖం చూసింది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చిన్నప్పుడు మార్కుల కాగితం దాచినప్పుడు కూడా ఈ చెవులే ముందు చెప్పేసేవి.

"చిన్నా. ఆయన గీత ఏది?"

అతను స్టెతస్కోపు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని గొట్టాన్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. ఆవిడ తొందరపెట్టలేదు. ప్రింటరు మీద ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

"అందులో లేదు వదినా. రెండే కప్పాను, ఒకటి చెరిపాను," అన్నాడు చివరికి. "అన్నయ్య గీత ఆ బొమ్మలో పట్టదు."

ఇంకెవరికైనా ఆ మాట సగమే అర్థమయ్యేది. ఆవిడకి పూర్తిగా అర్థమైంది. ఒక్క గీత మరీ పైకి పోతే దాని తల కనపడటం కోసం బొమ్మలో అంకెల నిచ్చెనని ఇంకా పైకి లాగాలి. లాగిన కొద్దీ మిగతా గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నేలకి అతుక్కుపోతాయి. ఇందాక తన గుండె ఆపేసిన ఆ రెండు గీతలు కూడా దాని పక్కన మరుగుజ్జులైపోతాయి. ఎంత పెద్ద బొమ్మనైనా పేజీలో పట్టించడమే ఆవిడ పని. పట్టనిది ఎంత ఎత్తుందో ఆవిడకి ఎవరూ అంకెల్లో చెప్పక్కర్లేదు.

ఆవిడ అరవలేదు. మిగతా ఇద్దరికీ మాత్ర ఆపావు, తోడబుట్టినవాడికి ఎందుకు ఆపలేదురా అంది. ఆపమన్నాను అన్నాడతను. డబ్బా తీసేసుకున్నాను, మళ్ళీ ఇచ్చాను. ఇవ్వనంటే అన్నయ్య... అని ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందాకటి వాదనలాగా ఇది వల్లించుకున్నది కాదు, మాటలు దొరకడం లేదు.

"అన్నయ్యనే అడుగు వదినా," అన్నాడు.

బొమ్మలక్క ఫోను తీసింది. తెర మీద పేపరు పంపడానికి సిద్ధంగా ఉంది, ఒక్కసారి నొక్కితే వెళ్ళిపోతుంది. దాని వైపు చూడకుండా దుకాణం నంబరు నొక్కింది. అవతల వెంటనే ఎత్తారు. వెనకాల మిషను చప్పుడు వినపడుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తొక్కడం ఆపకుండానే మాట్లాడటం ఆయన అలవాటు.

"చెప్పు," అన్నాడు హుషారుగా. "చేతినిండా పని. తొందరగా చెప్పు."

ఏం అడగాలో తెలియలేదు. ఎన్నో ఉన్నాయి, అన్నిటికన్నా చిన్నది నోటికి వచ్చింది. మాత్ర వేసుకున్నారా అంది.

"పొద్దున నువ్వేగా నీళ్ళిచ్చావు. ఎందుకూ?"

ఆవిడ ఊపిరి అవతలికి వినపడి ఉంటుంది. ఫోనులో మిషను చప్పుడు నెమ్మదించింది, ఆగిపోయింది. ఆ దుకాణం మూసి ఉన్న రోజుల్లో ఇంట్లో ఉండే నిశ్శబ్దం ఆవిడకి గుర్తుంది, ఇది అలాగే ఉంది. ఎదురుగా మరిది రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"చిన్నోడు చెప్పేశాడా?" అన్నాడాయన.

"ఊ."

"వాణ్ణేమీ అనకు. వాడు వద్దనే అన్నాడు. నా గీత తీసెయ్యమన్నది నేనే." గొంతులో ఇందాకటి హుషారు లేదు గానీ, ముందే నిశ్చయించుకున్న మనిషి నెమ్మది ఉంది. "చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ బతుకు మళ్ళీ నాకొద్దు. ఇంటికొచ్చాక ఎన్ని తిడతావో తిట్టు, పడతాను. ఆ పేపరు మాత్రం ఆపకు."